మా ఋణములు, మన ఋణస్థులు

ధ్యాన భాగములు: మత్తయి 18 : 15–35, నెహెమ్యా 5 : 1–13



ప్రతి ఆదివారమును మనము ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పుకొనుచున్నాము. పిల్లలు బడికి పోకమునుపే దానిని నేర్చుకొందురు. మంచము పట్టిన ముసలివారు తమ మనుమల పేళ్లు మరచినను ఆ ప్రార్థన మరువరు. పెదవులకు అంతగా అలవాటైన మాటలగుటచేత వాటి బరువు మనకు తెలియకుండనే గడచిపోవుచుండును. ఆ ప్రార్థన నడుమ ‘ఋణము’ అను మాట ఒకటి ఉన్నది. మనము దేవునికి అచ్చియున్నదానిని ఆయన కొట్టివేయవలెనని అడుగుచు, మనకు అచ్చియున్నవారి సంగతి కూడ ఆయన యెదుట పెట్టుచున్నాము.

ఈ నెల మేము మీతో కలిసి ధ్యానింపగోరు ప్రశ్న యేదనగా, ఆ మాట పాపమునకు మాత్రమే గురుతా? లేక రూపాయలకును, ప్రాంసరీ నోటుకును, వడ్డీ లెక్కకును కూడ దానితో సంబంధమున్నదా? ఈ ప్రశ్నను మేము గ్రంథములు వెదకి తెచ్చుకొనలేదు. మా సంఘములోని ఒక విధవరాలి వసారాలో అది మాకు ఎదురుపడినది. ఎదురుపడిన దినమున మేము దానికి జవాబు చెప్పలేక తల వంచుకొని ఇంటికి వచ్చితిమి.

మొదట మాటనుగూర్చి కొంచెము చెప్పుకొందము. మత్తయి సువార్త 6వ అధ్యాయములో ప్రభువు ప్రార్థనయందు ఋణములు అనియే ఉన్నది. లూకా సువార్త 11వ అధ్యాయములో మొదట పాపములు అని వ్రాసి, ఆ వెంటనే మనకు అచ్చియున్నవారు అని వ్రాయబడినది. రెండు సువార్తలును కలిపి చదివినయెడల పాపమును అప్పును ఒకే నోట పలుకుట మనకు కనబడును. ప్రభువు మాటలాడిన అరమేయిక భాషలో ‘హోబా’ అను ఒక్క మాటకే అప్పు అనియు పాపమనియు రెండు అర్థములు గలవు. ఆ ప్రార్థన మొదట విన్న గలిలయవారు ఎవరు? జాలరులు, కూలివారు, పరుల పొలము చేసికొనువారు, సుంకములు కట్టలేక అలసినవారు. ఋణమనగానే వారికి తమ ఊరి అప్పులవాని ముఖము జ్ఞప్తికి రాకమానదు. క్రీస్తు శకము 66వ సంవత్సరమున యెరూషలేములో తిరుగుబాటు లేచినప్పుడు, తిరుగుబాటుదారులు పత్రములు భద్రపరచు కట్టడమునకు నిప్పుపెట్టి అప్పుపత్రములను కాల్చివేసిరని యూదుల చరిత్రకారుడైన జోసీఫసు వ్రాసెను. ఆ కాలపు జనులకు అప్పు ఎంత గొప్ప భారమైయుండెనో దీనివలన తెలియుచున్నది. ప్రభువు ఆ భారమెరిగినవాడై ఆ మాటను మన నోట పెట్టెను.

ఇక ఆ వసారా సంగతి చెప్పెదము.

ఆ సహోదరి భర్త రెండెకరములు కౌలుకు పట్టి మిరప వేసెను. పెట్టుబడికి మా సంఘములోనే ఒక పెద్దయొద్ద 40,000 రూపాయలు తెచ్చుకొనెను. నూటికి మూడు రూపాయల వడ్డీ. నోటు వ్రాయించి వ్రేలిముద్ర వేసెను. అది 2021వ సంవత్సరము. ఆ యేట నల్ల తామరపురుగు మన మిరపతోటలను ఏమి చేసెనో మీలో సేద్యము చేయువారందరు ఎరుగుదురు. పూత నిలువలేదు, కాయ దిగలేదు, కోతకూలికైనను పంట రాలేదు. మరుసటి యేట అతడు జబ్బుపడి ప్రభువునందు నిద్రించెను. నోటు మాత్రము నిద్రింపలేదు. మూడేండ్లు తిరుగునప్పటికి వడ్డీయే 43,200 రూపాయలై అసలును మించిపోయెను.

ఆమె మెల్లమెల్లగా ఆరాధనకు వచ్చుట మానెను. మొదట ప్రభురాత్రి భోజనపు ఆదివారములు రాలేదు. తరువాత స్త్రీల ప్రార్థనకూటమునకు రాలేదు. మేము సభ్యుల రిజిస్టరులో ఆమె పేరునకు ఎదురుగా ‘విశ్వాసములో చల్లారినది’ అని మా చేతితో వ్రాసితిమి. ఎందుకు రావడములేదని అడుగుటకంటె ముందే వ్రాసితిమి. ఇది మా మొదటి తప్పు.

2024 వానకాలమున ఒక సాయంకాలము ఆమెను గద్దించి మారుమనస్సునకు పిలువవలెనని మేము బయలుదేరితిమి. బైబిలు సంచిలో ఉన్నది. చెప్పవలసిన మాటలు కూడ దారిలోనే కూర్చుకొంటిమి. వాకిట చేరునప్పటికి వాన పెద్దదాయెను. ఆమె వసారాలో చాప పరచి, చెంబుతో నీళ్లు ఇచ్చి, స్తంభమునానుకొని నిలువబడెను. వసారా ప్రక్కన పశువుల పాక ఉన్నది. అందులో గుంజ ఉన్నది, గేదె లేదు. మేము కూర్చుకొన్న మాటలు మొదలుపెట్టితిమి. ఆమె సాంతము విని ఇట్లనెను:

“అయ్యగారూ, దేవుడి మీద కోపంతో మానలేదండి. అప్పు తీర్చనిదాన్ని, ఆయనుండే గుళ్లోకి ఏ మొహం పెట్టుకొని రాను? ప్రభువు ప్రార్థన చెప్పేటప్పుడు ఋణాలన్న మాట వస్తుందిగదండీ. ముందు వరుసలో ఆయన గొంతు గట్టిగా వినపడుతుంది. నా గొంతు అక్కడికొచ్చి ఆగిపోతుంది.”

మేము మాటలాడలేదు. గేదె ఏమాయెనని అడిగితిమి.

“వడ్డీ కింద తోలుకుపోయారండి. దౌర్జన్యం ఏం చేయలేదు, ఆయన్ననకూడదు. తాడు విప్పి నేనే చేతికిచ్చాను. పూటకి రెండు లీటర్లు కేంద్రంలో పోసేదాన్ని. ఇప్పుడు కూలికి పోతున్నాను.”

ప్రియులారా, ఆ గేదెను మేము ఎరుగుదుము. ఆరు నెలలుగా ఆ పెద్ద ఇంటి కొట్టములో దానిని చూచుచునే యుంటిమి. ఎక్కడిదని అడుగలేదు, ఎందుకనగా ఎక్కడిదో మాకు తెలియును. కమిటీ కూటములకు వారి ఇంట కూర్చుండి, దాని పాలతో కాచిన టీ త్రాగితిమి. దేవుని మందిరమునకు పైరేకులు వేయించినది ఆయనే. క్రిస్మసు దినమున బీదలకు వస్త్రములు పంచునది ఆయనే. ఆ రేకులు మా నోటికి కప్పువేసినవి. ఆమెను మారుమనస్సు పొందుమని చెప్పవచ్చిన మాకే మారుమనస్సు కావలెనని, వాన వెలియునంతలో ఆ చాపమీదనే మాకు తెలిసెను.

ఆ రాత్రి మత్తయి సువార్త 18వ అధ్యాయమును తెరచితిమి. క్షమింపని దాసుని ఉపమానము మనకందరికి తెలిసినదే. వేదపాఠశాలలో మేము నేర్చుకొన్న లెక్కను మరల వేసికొంటిమి. ఒక దేనారము కూలివాని దినకూలి. ఒక తలాంతు సుమారు 6,000 దేనారములు. ఆ దాసుడు రాజునకు అచ్చియున్నది 10,000 తలాంతులు. అనగా 6 కోట్ల దినముల కూలి. ఒక్క దినమును విడువక పనిచేసినను అది తీరుటకు 1,60,000 సంవత్సరములకు పైగా పట్టును. ఓర్చుకొనుము, అంతయు చెల్లింతునని అతడు రాజును వేడుకొనెను. తీర్చలేడని రాజునకు తెలియును. కనికరపడి, గడువు మాత్రమే అడిగినవానికి అప్పంతయు విడిచిపెట్టెను.

తోటిదాసుడు ఇతనికి అచ్చియున్నది 100 దేనారములు. దీనిని బొత్తిగా చిన్నదని మేము అనేక ప్రసంగములలో చెప్పియున్నాము. ఆ రాత్రి అది మాకు అట్లు కనబడలేదు. వంద దినముల కూలి, మూడు నెలలకు పైబడిన జీవనము, ఏ బీదవానికి చిన్నది? ప్రభువు దానిని లేదనలేదు, అబద్ధమనలేదు. ఆ అప్పు నిజమే. అడుగుటకు అతనికి హక్కున్నదనుటయు నిజమే. తప్పు ఎక్కడనగా, రాజసన్నిధిలో అతడు పొందినది గుమ్మము దాటి బయటికి రాలేదు. లోపల మోకరించిన మనుష్యుడు బయటికి రాగానే మరియొకని గొంతు పట్టుకొనెను. అప్పు కొట్టివేయబడెనన్న వార్తను అతడు వెంట తెచ్చుకొనెను గాని, కొట్టివేసినవాని హృదయమును తెచ్చుకొనలేదు.

ఆ అధ్యాయములోనే మరియొక మాట మమ్మును ఆపెను. తన నామమున ఇద్దరు ముగ్గురు కూడుకొన్నచోట తాను వారి మధ్య ఉందునని ప్రభువు చేసిన వాగ్దానము 20వ వచనములో ఉన్నది. గృహ ప్రార్థనకు నలుగురే వచ్చినప్పుడు మనము ఆ వాగ్దానమును తలంచుకొని ఆదరణ పొందుదుము. అట్లు పొందుట తప్పు కాదు. అయితే దానికి ముందు 15వ వచనమునుండి ఉన్నదేమి? తప్పు చేసిన సహోదరునియొద్దకు ఒంటరిగా పోయి మాటలాడవలెనను ఆజ్ఞ. దాని తరువాత 21వ వచనమునుండి ఉన్నదేమి? ఎన్నిసారులు క్షమింపవలెనను పేతురు ప్రశ్నయు, ఈ అప్పుల ఉపమానమును. ప్రభువు తన సన్నిధిని వాగ్దానము చేసినది ఈ రెంటి మధ్యను. అనగా ఇద్దరు మనుష్యులు తమ మధ్యనున్న చిక్కును విప్పుకొనుటకు కూర్చుండు చోట మూడవవాడుగా ఆయన కూర్చుండును. దేవుని సన్నిధి కావలెనని మనము మందిరమునకు పోవుచున్నాము. ఆయన లెక్కపుస్తకము తెరచిన అరుగుమీద కూడ మనకొరకు కనిపెట్టుకొని యున్నాడు. మేము ఆరు నెలలు ఆ అరుగుమీద టీ త్రాగి ఆయనను గుర్తెరుగకపోతిమి.

మరుసటి ఆదివారము ఈ భాగముమీదనే ప్రసంగించి, ముందు వరుసవైపు చూడవలెనని మాకు శోధన కలిగెను. పీఠముమీదనుండి చెప్పుట సులభము. అక్కడ ఎవరును ఎదురు చెప్పరు. కాని ప్రభువు చెప్పినది పీఠమెక్కుమని కాదు, ఒంటరిగా పొమ్మని. అంతేకాదు, నెహెమ్యా గ్రంథము 5వ అధ్యాయము కూడ మమ్మును విడువలేదు. కరవు కాలమున యూదులు తమ పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను కుదువబెట్టి, తుదకు కుమారులను కుమార్తెలను దాస్యమునకు అప్పగించి మొఱ్ఱపెట్టిరి. అప్పిచ్చినవారు అన్యులు కారు, వారి సహోదరులే. నెహెమ్యా కోపపడెను. కాని ఆ సమాజములో మాటలాడునప్పుడు, తానును తన బంధువులును దాసులును కూడ అప్పిచ్చినవారమే యని ఒప్పుకొని, ఇక దీనిని విడిచిపెట్టుదమని అందరిని వేడుకొనెను. తనను పక్కకు తీసికొని ఇతరులను గద్దింపలేదు. పుచ్చుకొన్న పొలములనే గాక, నూరవ భాగమును కూడ మరల ఇచ్చివేయుడని చెప్పెను. ఆ నూరవ భాగము నెలకు నూటికొకటి చొప్పున తీసికొన్న వడ్డీ యని పండితులు పలువురు తలంచుదురు. మన ఊళ్లలో నూటికి రూపాయి వడ్డీని ధర్మవడ్డీ అందురు. నెహెమ్యా ఆ ధర్మవడ్డీని కూడ తిరిగి ఇప్పించెను.

కాబట్టి మేము ఒంటరిగా ఆ పెద్ద ఇంటికి పోతిమి. ఆయన అరుగుమీద కుర్చీ వేయించెను. టీ తెమ్మని లోపలికి కేక వేయబోగా వద్దంటిమి. “అన్నా, మొదట నా తప్పు చెప్పుకోవాలి. ఆ గేదె ఎక్కడిదో తెలిసి ఆరు నెలలు నోరు మూసుకున్నాను. మీరు రేకులు వేయించారని ఊరుకున్నాను. మీకు కాపరిగా ఉండవలసినవాడిని, మీ మొహమాటానికి కట్టుబడ్డాను. నన్ను క్షమించండి” అని చెప్పితిమి.

ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత మాటలాడినప్పుడు కోపముగానే మాటలాడెను. ఆ కోపములో న్యాయమున్నది కనుక దానిని ఇక్కడ వ్రాయుచున్నాము. “అయ్యగారూ, నేను దొంగసొమ్ము అడగట్లేదే. ఆ నలభై వేలూ మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చాను. బ్యాంకువాడు నాకు వడ్డీ మాఫీ చేస్తాడా? ఇవాళ ఇది వదిలితే రేపు ఊళ్లో ఎవరు తీరుస్తారు? ఎవరూ తీర్చకపోతే రేపు బీదవాడికి ఎవరు ఇస్తారు?”

ప్రియులారా, ఈ ప్రశ్నను మనము త్రోసివేయరాదు. అప్పులన్నియు విడిచిపెట్టినయెడల అప్పిచ్చువాడెవడు? ఇది క్రొత్త ప్రశ్న కాదు. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయములో ఏడవ సంవత్సరమున అప్పు విడిచిపెట్టవలెనని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించినప్పుడే, ఆ సంవత్సరము సమీపించినదని తలంచి బీదవానికి ఇయ్యక చేయి ముడుచుకొనవద్దని కూడ అది హెచ్చరించెను. జరిగినది అదియే. జనులు అప్పిచ్చుట మానిరి. అందువలన, మన ప్రభువు పుట్టుకకు కొంచెము ముందు, హిల్లేలు అను గొప్ప బోధకుడు ‘ప్రోజ్‌బూల్’ అను ఒక పత్రమును ఏర్పరచెను. అప్పును న్యాయాధిపతులకు అప్పగించినట్లు వ్రాసికొన్నయెడల ఏడవ సంవత్సరమున అది రద్దు కాదు. బీదలకు అప్పు పుట్టవలెనను మంచి తలంపుతోనే అతడు దానిని చేసెను. అతనిని నిందించుటకు మనమెవరము? అయినను ఒక మాట చెప్పవచ్చును. పత్రము అప్పును కాపాడగలదు గాని హృదయమును తెరవలేదు. అప్పిచ్చువాడు అప్పుపడినవానిని తన సహోదరుడని ఎరిగియుండుటకు ఏ పత్రమును చాలదు.

ధర్మశాస్త్రము అప్పిచ్చుటను నిషేధింపలేదు. తాకట్టు పెట్టుకొనుటను కూడ నిషేధింపలేదు. కాని హద్దులు పెట్టెను. అదే గ్రంథము 24వ అధ్యాయములో తిరగటినైనను తిరగటి పైరాతినైనను తాకట్టు పట్టకూడదని ఉన్నది. ఏలయనగా దానివలననే ఆ ఇంటివారు బ్రదుకుచున్నారు. తాకట్టు తీసికొనుటకు అప్పుపడినవాని ఇంటిలో జొరబడక బయటనే నిలువవలెనని ఉన్నది. బీదవాడు కప్పుకొను బట్టను తాకట్టు పట్టినయెడల, అతడు దానిని కప్పుకొని పండుకొనునట్లు ప్రొద్దుగ్రుంకువేళకు మరల ఇచ్చివేయవలెనని ఉన్నది. దేవుడు ఒక బీదవాని రాత్రి చలిని ధర్మశాస్త్రములో వ్రాయించెను. విధవరాలి పాడిగేదె మన ఊళ్లలో తిరగటివంటిదే కదా అని మేము ఆ పెద్దతో అంటిమి. పౌలు ఫిలేమోనునకు వ్రాసిన పత్రికలో ఒనేసిము అచ్చియున్నదేమైన ఉన్నయెడల దానిని తన లెక్కలో చేర్చుమని చెప్పెను గదా, మా జీతములో నెలకు కొంత ఇచ్చుకొందుమని కూడ అంటిమి. ఆయన చేయి ఎత్తి వద్దనెను. ప్రార్థన చేయుదమా అని అడిగితిమి. “ఇవాళ వద్దండి” అనెను. మేము లేచి వచ్చితిమి.

పండ్రెండు దినములు గడచెను. ఈ దినములలో మేము నేర్చుకొన్నదొకటి ఉన్నది. మారుమనస్సు మనము పిలిచినప్పుడు వచ్చునది కాదు. గ్రీకు భాషలో ఆ మాట ‘మెటానోయియ’. మనస్సు మారుట అని దాని అర్థము. హెబ్రీయులు దానిని ‘షూబ్’ అందురు. అనగా తిరుగుట, వచ్చినదారినే మరల పోవుట. దుఃఖపడుట ఒక్క రాత్రిలో కావచ్చును. తిరిగి నడచుటకు దినములు పట్టును. జక్కయ్య చెట్టు దిగుట త్వరగానే జరిగెను గాని, నాలుగంతలు చెల్లించుటకు అతడు ఎన్ని వాకిళ్లకు పోవలసి వచ్చెనో ఎవరు చెప్పగలరు?

పదమూడవ దినమున, తెల్లవారకముందే, ఆ పెద్ద గేదెను తానే తోలుకొనిపోయి గుంజకు కట్టివచ్చెనని పాలకేంద్రముయొద్ద చెప్పుకొనుచుండగా వింటిమి. తరువాత ఆయన మాయొద్దకు వచ్చి, వడ్డీ విడిచిపెట్టితిననియు, అసలు మాత్రము ఆమె వీలునుబట్టి ఇచ్చుకొనవచ్చుననియు, తొందర లేదనియు చెప్పెను. గాజులు ఇంకను బ్యాంకులోనే ఉన్నవనియు చెప్పెను. ఇది రాజు చేసిన క్షమాపణవంటిది కాదని ఎవరైన అనవచ్చును. రాజు అంతయు విడిచిపెట్టెను, ఈయన కొంత విడిచెను. నిజమే. కాని గుమ్మము దాటి బయటికి వచ్చిన కనికరమును మేము చూచితిమి. దాని కొలత చెప్పుట మా పని కాదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. మన సంఘములలో మనము సాధారణముగా ఒక క్రమమును పాటించుచున్నాము. మొదట తప్పినవాడు మారుమనస్సు పొందవలెను, తరువాత అతనిపై కనికరము చూపుదుమందుము. అప్పుపడినవాడు మొదట బుద్ధిగా బ్రదుకవలెను, త్రాగువాడు మొదట మానవలెను, మందిరమునకు రానివాడు మొదట రావలెను. కాని పౌలు రోమా పత్రిక 2వ అధ్యాయములో దేవుని అనుగ్రహమే మనుష్యుని మారుమనస్సునకు నడిపించునని బోధించుచున్నాడు. కనికరము మారుమనస్సునకు బహుమానము కాదు. మారుమనస్సునకు త్రోవ వేయునది అదియే.

మన తెలుగు సంఘముల చరిత్రలో దీనికి సాక్ష్యమున్నది. 1876 మొదలు 1878 వరకు మన దేశమున గొప్ప కరవు వచ్చినప్పుడు, ఒంగోలులో అమెరికను బాప్తిస్టు మిషనరీయైన జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని, ఆకలితోనున్న వేలమందికి పని కల్పించి కూలి ఇప్పించిరి. ఆ దినములలో అనేకులు బాప్తిస్మము కోరినను, అన్నముకొరకు విశ్వాసము అమ్మబడెనను మాట రాకుండునట్లు, సహాయము జరుగుచున్నంతకాలము ఆయన బాప్తిస్మములు ఆపివేసిరి. కనికరమునకు వెల కట్టలేదు. సహాయ కార్యము ముగిసిన తరువాత, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము జూబిలీలలో గొప్పగా చెప్పుకొందుము. దానికంటె ముందు వచ్చిన, ప్రతిఫలమడుగని కూలిడబ్బును అరుదుగా చెప్పుకొందుము. ముందుగా నడచినది కనికరము.

అట్లయిన, ఋణము అను మాట పాపమునకా, రూపాయలకా? రెంటికిని అని మేము తలంచుచున్నాము. దేవునియెదుట మన పాపము తీరని అప్పు. మనుష్యులయెదుట మన రూపాయలు తీరవలసిన అప్పు. ఆ రెంటికిని మధ్య గోడ కట్టి, ఒకటి ఆదివారమునకును ఒకటి సోమవారమునకును పంచుకొనుటకు ప్రభువు మనకు వీలియ్యలేదు. అప్పిచ్చినవారందరు అంతయు విడిచిపెట్టవలెనని మేము చట్టము చేయలేము. తీర్చగలిగియు తీర్చనివాడు ఈ మాటలచాటున దాగుకొనవద్దు. అప్పుపడినవాడు తీర్చుటకు ప్రయాసపడుట కూడ మారుమనస్సులో భాగమే. కాని అడుగుటకు పోవునప్పుడు, రాజసన్నిధినుండి పోవుచున్నామని జ్ఞాపకముంచుకొందము. గుమ్మము బయట నిలిచి అడుగుదము. తిరగటిని ముట్టకుందము. అవతలివాని గొంతు ప్రార్థనలో ఎక్కడ ఆగుచున్నదో చెవియొగ్గి విందము.

అప్పనగా ధనము మాత్రమే కాదు. మనలో ఒకడు తమ్మునికి పంపకములో తక్కువచేసి యుండవచ్చును. ఒకామె కోడలికి ఒక మంచిమాట అచ్చియుండవచ్చును. కూలివానికి సాయంకాలమియ్యవలసిన కూలిని వారమువరకు త్రిప్పువారు ఉండవచ్చును. మావంటి కాపరులు పెద్దలకు సత్యమును, బీదలకు పరామర్శను అచ్చియుండవచ్చును. ఈ నెలలో ప్రతి కుటుంబమును ఒక సాయంకాలము కూర్చుండి, మనకు ఎవరు అచ్చియున్నారని కాక, మనము ఎవరికి ఏమి అచ్చియున్నామని లెక్క చూచుకొనవలెనని బతిమాలుచున్నాము. ఆ లెక్క వ్రాసిన తరువాత ఒక్క వాకిటికైన నడచి పోవుదము. పోవుటకు కాళ్లు బరువైనయెడల, అక్కడ మనకంటె ముందుగా ఒకడు కూర్చుండియున్నాడని నమ్ముదము.

ఆ సహోదరి తరువాతి ప్రభురాత్రి భోజనపు ఆదివారమున వచ్చెను. ఎప్పటివలె వెనుక కూర్చుండెను. ఆ పెద్ద ఎప్పటివలె ముందు కూర్చుండెను. ఊళ్లో అలవాట్లు ఒక్క దినములో మారవు. బల్లయొద్దకు వచ్చినప్పుడు మాత్రము ఇద్దరును ఒకే వరుసలో మోకరించిరి. వారి నడుమ ఇద్దరు పిల్లలుండిరి. ఆరాధన ముగిసిన తరువాత మేము రిజిస్టరు తెరచి, మేము వ్రాసిన ఆ మాటను కొట్టివేసి, తేదీ వేసి, మా సంతకము చేసితిమి. కొట్టివేసినను మాట క్రింద కనబడుచునే యున్నది. కనబడనిమ్ము. మా ఋణము మాకు జ్ఞాపకముండుట మంచిది.

ప్రార్థింతము: కనికరముగల తండ్రీ, మేము తీర్చలేనిదానిని నీ కుమారునియందు నీవు కొట్టివేసితివి. నీ సన్నిధిలో పొందినదానిని మా గుమ్మము దాటించుటకు మాకు ధైర్యము దయచేయుము. అప్పిచ్చినవారికి మృదువైన హృదయమును, అప్పుపడినవారికి ఆదరణను, మధ్యనుండి మౌనముగానున్న మావంటివారికి సత్యము పలుకు నోటిని అనుగ్రహించుము. మేమిద్దరము ముగ్గురము కూర్చుండు చోట నీవున్నావని మా కన్నులు చూచునట్లు చేయుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.